పొయ్యి రాజేశాకే పాఠం

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రం తూర్పు కొసన, రెడ్ రివర్ లోయలో, జనవరి నెలలో ఎనిమిది దాటితే గానీ సూర్యుడు కనపడడు. బయట చలి మైనస్ ముప్ఫై డిగ్రీలు. బడి తొమ్మిదింటికి. టీచరమ్మ మాత్రం ఏడు కాకముందే కిరోసిన్ లాంతరు పట్టుకుని మంచులో మైలు దూరం నడిచి వచ్చేది. ఒకటే గది, ఒకటే టీచరు. బంట్రోతు లేడు, ఆయా లేదు. తాళం తీయడం, బూడిద ఎత్తడం, పొయ్యి రాజేయడం, నేల ఊడ్వడం, గంట కొట్టడం, ఎనిమిది తరగతులకూ చదువు చెప్పడం అన్నీ ఆవిడ పనులే.

ఇటువంటి టీచర్లను తలచుకున్నప్పుడల్లా త్యాగమూర్తి అనేస్తారు. చలి, మంచు, చాలీచాలని జీతం అన్నీ నిజమే. కానీ త్యాగం అనేస్తే ఆవిడ పనితనం మరుగున పడిపోతుంది. పొయ్యి ఎలా కప్పాలో, గడియారాన్ని ఎలా పంచాలో, ఇంగ్లీషు ముక్క రాని ఆరేళ్ల పిల్లాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిన మనిషి ఆవిడ. నార్వే నుంచి వలస వచ్చిన రైతుల ఇళ్లలో పుట్టి, విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, డకోటా పల్లెల్లో ముప్ఫై నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోవడం కుదరదు. అందుకని 1890లలో పుట్టి, 1910 ప్రాంతంలో బడిలో టీచరుగా చేరి, 1950లు దాటాక రిటైరైన ఆ తరాన్ని ఒక్క టీచరమ్మగా అనుకుని చెబుతున్నాను. ఆవిడకు పేరు పెట్టడం లేదు. చెప్పే పనులు మాత్రం ఆ బళ్లలో రోజూ జరిగినవే.

ముందు పొయ్యి సంగతి. గది మధ్యలో ఇనప పొయ్యి, దాని మీంచి గోడ దాకా రేకు గొట్టం. పశ్చిమాన గనుల నుంచి వచ్చే లిగ్నైట్ బొగ్గు చవక. కానీ అందులో మూడో వంతుకు పైగా తేమే. ఎండితే పొడిపొడిగా రాలి జల్లెడలోంచి కిందికి జారిపోతుంది. వేడి తక్కువ, బూడిద ఎక్కువ. ఒక్క సుగుణం ఉంది: బూడిద కింద కప్పి పెడితే నిప్పు చాలాసేపు బతికి ఉంటుంది. సాయంత్రం బడి వదిలాక ఆవిడ ఎర్రటి నిప్పుల్ని వెనక్కి తోసి, పైన సన్న బొగ్గు, ఆ పైన పలచగా బూడిద పరిచి, గాలి తలుపు, గొట్టంలో పొగను అదుపు చేసే బిళ్ళ దాదాపు మూసి వెళ్లేది. దాదాపు అన్న మాట ఇక్కడ ముఖ్యం. గొట్టంలో బిళ్ళ పూర్తిగా మూసేస్తే బొగ్గు గ్యాసు గదిలోకి తంతుంది, పొద్దున వచ్చేసరికి తల తిరుగుతుంది. బార్లా తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి పొయ్యి చల్లబడి ఉంటుంది, సిరా బుడ్డిలో సిరా గడ్డ కట్టి ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచీ: కిరోసిన్‌లో ముందుగా నానబెట్టుకున్న మొక్కజొన్న కంకి బెండ్లు, పుల్లలు, ఆ పైన బొగ్గు. నిప్పు సరిగా అంటుకోలేదని వేడి పొయ్యిలోకి కిరోసిన్ డబ్బాతో ఒంపడం మాత్రం చచ్చినా చేయకూడదు. అలా చేసి ఒళ్లు కాల్చుకున్నవాళ్లు పల్లెల్లో తక్కువమందేం కాదు.

గొట్టానికి లోపల మసి పేరుకుంటుంది. తడి బొగ్గు, తడి కట్టె కాలిస్తే అతుకుల దగ్గర నల్లటి జిగురు కారి పిల్లల పుస్తకాల మీద పడుతుంది. అది ఎండి అంటుకుంటే చిమ్నీకే మంట. అందుకని నెలకోసారైనా గొట్టం విప్పి దులపాలి. ఆ పని పెద్ద అబ్బాయిలకు అప్పగించేది, శనివారం పూట.

ఇంత చేసినా పొయ్యి పక్కన కూర్చున్న పిల్లలు మాడిపోతుంటే కిటికీ పక్కవాళ్లు వణికిపోతుండేవాళ్లు. తర్వాత్తర్వాత పొయ్యి చుట్టూ రేకు తొడుగు పెట్టే రకం వచ్చింది. బయటి నుంచి వచ్చే చల్లగాలి తొడుగు కింద దూరి, వేడెక్కి పైకి లేచి, గది అంతా తిరిగేది. ఆ రకం పొయ్యి కొనడానికి చాలాచోట్ల బడి నడిపే బోర్డులు ఏళ్ల తరబడి నాన్చాయి. అది వచ్చేదాకా ఆవిడ గంటకోసారి పిల్లల చోట్లు మార్చడమే మార్గం.

తడిసిన ఉన్ని చేతి తొడుగులన్నీ పొయ్యి చుట్టూ తీగ మీద ఆరేవి. ఆ ఉన్ని వాసన, బొగ్గు వాసన, సుద్ద వాసన కలిసిన గది అది. చలికి బుగ్గ తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దమని ఆ రోజుల్లో అందరూ చెప్పేవాళ్లు. అది తప్పు, రుద్దితే గడ్డకట్టిన చర్మం ఇంకా చెడుతుందని తర్వాత తేలింది. గోరువెచ్చని నీళ్లే మందు.

ఇక ఆ కుటుంబాల సంగతి. 1825 జూలైలో నార్వేలోని స్టవాంగర్ రేవు నుంచి రెస్టరాషోన్ అనే చిన్న ఓడలో 52 మంది బయల్దేరారు. అక్టోబరులో న్యూయార్కు చేరేసరికి 53 మంది, దారిలో ఒక బిడ్డ పుట్టింది. అక్కడి నుంచి వందేళ్లలో ఎనిమిది లక్షల మంది దాకా నార్వే వదిలి అమెరికా వెళ్లారు. దేశ జనాభాతో పోల్చి చూస్తే ఐర్లండ్ తర్వాత అంతగా జనాన్ని పంపిన దేశం యూరపులో ఇంకోటి లేదు. కారణం కనపడుతూనే ఉంటుంది: కొండలూ సముద్రమూ పోగా సాగుకు పనికొచ్చే నేల ఆ దేశంలో నూటికి మూడు వంతులు. ఇటు అమెరికాలో 1862 హోంస్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దాదాపు ఉచితం. ఐదేళ్లు అక్కడే ఉండి, సాగు చేసి చూపిస్తే భూమి మనదే.

వాళ్లు చదువు రానివాళ్లు కారు. నార్వేలో 1739 నుంచే పల్లెల్లో తిరుగుడు బడి ఉండేది. మాస్టారు ఒక ఇంట్లో కొన్ని రోజులు, పక్క ఇంట్లో కొన్ని రోజులు మకాం వేసి, ఆ చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి చదివించేవాడు. చర్చిలో కన్ఫర్మేషన్, అంటే క్రైస్తవ విశ్వాసాన్ని అందరి ముందు ధ్రువీకరించే తంతు, కావాలంటే మత ప్రశ్నోత్తరాలు చదివి ఒప్పజెప్పాలి. అది కాకుంటే పెళ్లి కూడా కాదు. కాబట్టి చదవడం అందరికీ వచ్చు, రాయడం కొందరికే వచ్చు. 1860 చట్టంతో అక్కడ స్థిరమైన బళ్లు వచ్చాయి. వలస వచ్చిన తండ్రికి బడి కొత్త కాదు. మత పాఠం లేని బడి మాత్రం కొత్త. నార్వేజియన్ లూథరన్ పాదుర్లలో కొందరు అమెరికా సర్కారు బడిని దేవుడు లేని బడి అన్నారు, సొంత బళ్లు పెట్టాలన్నారు. ఆ గొడవ 1860లు, 70లలో పత్రికల నిండా నడిచింది. చివరికి రైతులు ఖర్చు లెక్క చూసుకున్నారు. బడి నెలల్లో సర్కారు బడి, ఎండాకాలంలో నాలుగైదు వారాలు అదే గదిలో నార్వేజియన్ భాషలో మత పాఠశాల. చాలాచోట్ల ఆ రాజీయే నిలిచింది. రెండింటికీ అదే పొయ్యి, అవే బల్లలు.

బడికి చోటు ఎక్కడిదంటే, సర్వే లెక్కలోనే ఉంది. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 ముక్కలు, ముక్కకు 640 ఎకరాలు. 16వ ముక్క, 36వ ముక్క బడి ఖర్చులకని ముందే పక్కన పెట్టేవాళ్లు. ఆ భూమి కౌలు డబ్బు, అమ్మితే వచ్చిన డబ్బు రాష్ట్ర బడి నిధికి చేరేది. పిల్లలు నడిచి రాగలిగేలా రెండు మూడు మైళ్లకొక బడి కట్టారు. 1910లలో అమెరికా మొత్తం మీద సుమారు రెండు లక్షల ఒంటిగది బళ్లుండేవి.

ఇప్పుడు టీచరమ్మ ఎలా అయిందో చూద్దాం. ఎనిమిదో తరగతి చివర కౌంటీ (జిల్లా లాంటిది) పరీక్ష. ప్రశ్నలు పైనుంచి సీలు వేసి వచ్చేవి, తన టీచరు పెట్టే పరీక్ష కాదు. అది గట్టెక్కితే హైస్కూలు. హైస్కూలు పట్నంలో, అంటే అక్కడ ఎవరింట్లోనో పాలు పితుకుతూ, గిన్నెలు తోముతూ ఉండాలి. తర్వాత నార్మల్ స్కూలు, అంటే టీచర్ ట్రైనింగు. ఉత్తర డకోటాలో మేవిల్, వ్యాలీ సిటీ. నది అవతల మిన్నెసోటాలో మూర్‌హెడ్. సర్టిఫికెట్లు మూడు తరగతులు. తిండి గింజలు అమ్ముడుపోయిన ఏడు చదువు, పోని ఏడు ఉద్యోగం, మళ్లీ చదువు, ఇలా ముక్కలు ముక్కలుగా సాగేది. పరీక్షలో అంకగణితం, వ్యాకరణం, భూగోళం, అమెరికా చరిత్ర, స్పెల్లింగు, చేతిరాత, బోధన పద్ధతి, శరీరశాస్త్రం ఉండేవి. శరీరశాస్త్రంలో సారాయి చేసే చెరుపు గురించి ప్రశ్న తప్పనిసరి.

ఈ దారిలో నడిచి పేరు నిలబెట్టుకున్న మనిషి ఓగోట్ రోయెన్. 1873లో పుట్టింది, నార్వే నుంచి వచ్చిన తల్లిదండ్రులు, డకోటాలో గూస్ నది ఒడ్డున బతుకు. పల్లె బళ్లలో పాఠాలు చెప్పి, స్టీల్ కౌంటీకి బడుల సూపరింటెండెంటు అయింది. ముసలితనంలో, 1950లో, ఆ బాల్యాన్ని పుస్తకంగా అచ్చు వేయించింది. 1957లో పోయింది. ఇంకొక సంగతి: ఆడవాళ్లకు దేశమంతటా ఓటు 1920లో వచ్చింది కదా, ఉత్తర డకోటాలో బడి ఎన్నికల్లో మాత్రం అంతకు చాలా ముందే ఉంది. 1892లో లారా ఐసెన్‌హుత్ ఆ రాష్ట్రం మొత్తానికి విద్యాశాఖ అధిపతిగా ఎన్నికైంది. రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి అమెరికన్ మహిళ ఆవిడే. బడి అన్నది ఆడవాళ్లు ఎదగడానికి దొరికిన సందు.

ఉద్యోగం ఇచ్చేది ముగ్గురు రైతుల బోర్డు. వాళ్లలో ఒకడికి ఇంగ్లీషు అంతంత మాత్రం, కానీ డాలరు లెక్క బాగా వచ్చు. 1910 ప్రాంతంలో జీతం నెలకు 40, 50 డాలర్లు. ఏడాదిలో ఏడెనిమిది నెలలే. అందులోనే తిండికీ మకాముకూ ఒక రైతింట్లో ఇవ్వాలి. మకాం అంటే విడిగా గది ఉంటుందనుకోవద్దు. ఆ ఇంటి ఆడపిల్లలతో ఒకే మంచం. పగలంతా ఎవరికి పాఠం చెప్పిందో రాత్రి వాళ్ల పక్కనే నిద్ర. ఇంట్లో జరిగిన గొడవ ఆవిడకు తెలుస్తుంది, ఆవిడ ఉత్తరాలు ఆ ఇంటికి తెలుస్తాయి. నోరు కట్టుకుని ఉండటం ఉద్యోగంలో సగం.

టీచరమ్మ ఐస్‌క్రీం కొట్టుకు వెళ్లకూడదు, రెండు పెట్టికోట్లకు తక్కువ వేసుకోకూడదు అంటూ పాత నియమాల జాబితా ఒకటి ఊరూరా మ్యూజియంలలో తగిలించి ఉంటుంది. సరదాగా చదువుకోవచ్చు గానీ, దాని అసలు ప్రతి ఏ బడి కాగితాల్లో ఉందో ఎవరూ చూపించలేదు. నిజంగా ఉన్న నియమం దానికంటే పొడి మాట: పెళ్లయితే ఉద్యోగం పోతుంది. చాలా బోర్డులు అలాగే నడిపాయి. జీవితాంతం పెళ్లి చేసుకోని టీచరమ్మలు అంతమంది ఎందుకున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది.

అసలైన పనితనం టైంటేబుల్లో ఉంది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఒంటిగది బడిని మెచ్చుకునేవాళ్లు కూడా దీన్ని దాటవేస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు, ఒంటిగంట నుంచి నాలుగు. మధ్యలో రెండు పావుగంట విరామాలు. మిగిలేది 330 నిమిషాలు. ఎనిమిది తరగతులు, తరగతికి నాలుగైదు విషయాలు. అన్నీ విడివిడిగా చెబితే రోజుకు ముప్ఫై అయిదు పాఠాలు దాటతాయి. ఎంత కలిపినా 27, 28కి తగ్గవు. అంటే పాఠానికి పన్నెండు నిమిషాలు. అందులోనే పిల్లలు లేచి ముందు బల్ల దగ్గరికి రావడం, ఒప్పజెప్పడం, కొత్తది చెప్పించుకోవడం, వెనక్కి వెళ్లడం.

కలపడంలో ఒక కిటుకుంది. అయిదు, ఆరు తరగతులకు భూగోళం కలిపి చెప్పొచ్చు: ఈ ఏడాది ఇద్దరికీ అయిదు, వచ్చే ఏడాది ఇద్దరికీ ఆరు. ఏడు, ఎనిమిదికి చరిత్ర కూడా అంతే. ఒక పిల్లాడు ముందు ఆరో తరగతి భూగోళం చదివి, తర్వాత అయిదోది చదువుతాడు. కొంప మునిగిపోదు. లెక్కల్లో మాత్రం ఈ ఎత్తు పారదు. భిన్నాలు రాకుండా దశాంశాలు చెబితే పిల్లాడు రెంటికీ చెడతాడు. అందుకని లెక్కలు తరగతికి తరగతే ఉంచి, మిగతావి కలిపేది. కొత్తగా చేరిన టీచర్లు సాధారణంగా చేసే తప్పు పెద్ద పిల్లల లెక్కల దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోవడం. ఆ రోజు ఒకటో తరగతి పసివాళ్లకు చదువు మిస్సవుతుంది, వాళ్లు అల్లరి మొదలుపెడతారు, గది చేయి దాటిపోతుంది. అనుభవం ఉన్నావిడ పసివాళ్ల చదువు పొద్దున్నే, వాళ్ల బుర్ర తాజాగా ఉన్నప్పుడే, మొట్టమొదట పెట్టేది. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలే.

పిల్లలు కదిలేటప్పుడు మూడు అంకెలు: ఒకటి అంటే పక్కకు తిరగాలి, రెండు అంటే లేవాలి, మూడు అంటే నడవాలి. మిలటరీ లాగా ఉందే అనిపిస్తుంది. కానీ రోజుకు 27 సార్లు కదలాలి మరి. ఒక్కోసారికి ఒక నిమిషం దండగైనా అరగంట పోతుంది.

ఒక తరగతి ముందు బల్ల మీద ఉంటే మిగతా ఏడింటికీ పని ఉండాలి. ఇక్కడే హెక్టోగ్రాఫు వచ్చేది, రాసిన కాగితానికి నకళ్లు తీసే జెలటిన్ పలక. ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది: ఔన్సు జెలటిన్ రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. మిగిలిన నీళ్లు ఒంపేసి, ఆరున్నర ఔన్సుల గ్లిసరిన్ వేడిచేసి అందులో కలపాలి. నేరుగా మంట మీద కాదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి, కొన్ని గంటలు. తర్వాత లోతు తక్కువ రేకు పళ్లెంలో పోసి, పైకి తేలిన బుడగల్ని అట్టముక్కతో పక్కకు తీసేసి, కదలకుండా గడ్డకట్టనివ్వాలి. ఊదారంగు ప్రత్యేక సిరాతో కాగితం మీద రాసి, పలకను తడి స్పాంజితో తుడిచి, రాసిన వైపు కిందకు పెట్టి రెండు మూడు నిమిషాలు నొక్కాలి. తీశాక అక్షరాలు తిరగేసి పలక మీద కనపడతాయి. ఆ పైన తెల్ల కాగితాలు ఒక్కొక్కటే పరిచి, అరచేత్తో రుద్ది తీస్తే అచ్చు. యాభై దాకా వస్తాయి, చివరివి మసక. పలక మరీ తడిస్తే సిరా అలుక్కుపోతుంది. మరీ ఆరితే కాగితం అతుక్కుని జెలటిన్ ముక్క ఊడొస్తుంది. పని అయ్యాక వెంటనే గోరువెచ్చని నీటితో తుడవాలి, లేదా సిరా కిందికి ఇంకిపోయేదాకా ఒక రోజు వదిలేయాలి. ఎండాకాలంలో పలక మెత్తబడి పనికిరాదు. టీచరమ్మ వేళ్లు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి, ఎంత తోమినా పోయేది కాదు.

పసివాళ్లకు లెక్కలకు మొక్కజొన్న గింజలు. పెద్దమ్మాయి ఒకతి మూలకు తీసుకెళ్లి వాళ్ల చేత చదివించేది. వెనక బల్లల మీద కూర్చున్న చురుకైన పిల్లలు పై తరగతి పాఠాలు వింటూ వింటూ సగం నేర్చేసుకునేవాళ్లు. ఒంటిగది బడికి ఇదే పెద్ద లాభం. మందకొడి పిల్లలకు అదే గోల, సొంత పని మీద మనసు నిలవదు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

మధ్యాహ్నం తిండి సిరప్ డబ్బాల్లో వచ్చేది, మూతకు మేకుతో చిల్లులు పొడిచి. చలికాలంలో వేడి తిండికి ఒక ఉపాయం: ఇంటి నుంచి గాజు సీసాలో సూపో, మిగిలిన కూరో తెచ్చుకుంటే, పదిన్నరకు ఆ సీసాలన్నీ నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టి పొయ్యి మీదికి ఎక్కించేది. మూత ముందే వదులు చేయాలి, లేకపోతే సీసా పగులుతుంది. ఆలుగడ్డలకు పేరు గీసి బూడిదలో పెడితే పన్నెండుకు ఉడికేవి. కొందరు పిల్లలు లెఫ్సె తెచ్చుకునేవాళ్లు. ఆలుగడ్డ, పిండి కలిపి పలచగా ఒత్తి పెనం మీద కాల్చిన రొట్టె అది, వెన్న రాసి చక్కెర చల్లి చుట్టేస్తారు. కొట్లో కొన్న తెల్ల బ్రెడ్డు తెచ్చిన పిల్లల ముందు దాన్ని చూపడానికి సిగ్గుపడి డబ్బా మూత చాటున తినేవాళ్లు. ఇప్పుడు అదే లెఫ్సెను పండగపూట డబ్బిచ్చి కొంటున్నారు.

నీళ్లకు ఒక బకెట్టు, ఒకే తోడు గరిటె, అందరి నోళ్లూ దానికే. 1909లో కాన్సస్ ఉమ్మడి గ్లాసును నిషేధించాక మిగతా రాష్ట్రాలూ ఆ దారే పట్టాయి. కుళాయి ఉన్న మట్టి కూజా, ఎవరి గ్లాసు వాళ్లది అన్న పద్ధతి వచ్చింది. కూజా కొనడానికి డబ్బు బోర్డు ఇవ్వకపోతే బుట్టల వేలం. ఊరి ఆడవాళ్లు భోజనం సర్ది, బుట్టను కాగితపు పూలతో అలంకరించి తెచ్చేవాళ్లు. మగవాళ్లు పాడుకునేవాళ్లు. గెలిచినవాడు ఆ బుట్ట తెచ్చినావిడతో కలిసి తినాలి. ఎవరి బుట్ట ఏదో పైకి చెప్పకూడదు, అయినా అందరికీ తెలిసేది. టీచరమ్మ బుట్టకు పాట ఎక్కువ పలికేదని వేరే చెప్పాలా.

భాష సంగతి కొంచెం మెలిక. ఆరేళ్లకు బడికి వచ్చే పిల్లాడికి ఇంట్లో నార్వేజియన్ తప్ప తెలియదు. బడిలో ఇంగ్లీషే మాట్లాడాలన్నది నియమం. ఆటస్థలంలో సొంత భాష వినపడితే తిట్లు తిన్న పిల్లలు కోకొల్లలు. టీచరమ్మ స్వయంగా అదే ఇంటి భాషలో పెరిగింది కాబట్టి ఆవిడకు రెండు నాలుకలు. పిల్లాడికి బాత్రూముకు వెళ్లాలని అడగడం రాక తడిపేసుకోకుండా, మొదటి రోజు ఆ ఒక్క వాక్యం చెవిలో నార్వేజియన్‌లో చెప్పి, ఇంగ్లీషులో ఎలా అడగాలో నేర్పేది. వాళ్లు జంప్ అనలేరు, యంప్ అంటారు. థింగ్ అనమంటే టింగ్. నాలుకను పళ్ల మధ్య పెట్టి చూపించి, అద్దం ముందు నిలబెట్టి చెప్పించేది. ఒకే గదిలో ముగ్గురు ఊలె ఒల్సన్లు ఉండేవాళ్లు. తండ్రి పేరును బట్టి ఇంటిపేరు మారే ఆచారం అది. హాజరు పుస్తకంలో అక్షరాలు చేర్చి వేరుచేయాలి. అలా పుస్తకంలో పడ్డ పేరే చాలామందికి జీవితాంతం నిలిచిపోయింది.

1918 మేలో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అయోవా గవర్నరు హార్డింగ్ ఇంకో అడుగు వేశాడు: బళ్లలో, రైళ్లలో, చర్చిలో, టెలిఫోనులో సైతం ఇంగ్లీషు తప్ప మరో భాష వాడకూడదని ప్రకటన. గురి జర్మన్ల మీద, దెబ్బ నార్వేవాళ్లకూ తగిలింది. ఆ తర్వాత ఎండాకాలపు మత పాఠశాలలూ మెల్లమెల్లగా ఇంగ్లీషులోకి మారాయి. 1946లో వాళ్ల చర్చి సంఘమే తన పేరులోంచి నార్వేజియన్ అన్న మాట తీసేసింది.

తుపాను రోజుల్లో ఆవిడ తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటే: పంపాలా, ఉంచాలా. 1888 జనవరి 12న పొద్దున వాతావరణం వెచ్చగా ఉంది, పిల్లలు పలచటి కోట్లతో వచ్చారు. మధ్యాహ్నం క్షణాల్లో మంచు తుపాను మీద పడింది. డకోటా, నెబ్రాస్కాల్లో 235 మంది దాకా చనిపోయారని లెక్క, వాళ్లలో చాలామంది బడి పిల్లలు. 1920 మార్చిలో ఉత్తర డకోటాలోని సెంటర్ దగ్గర పదిహేనేళ్ల హేజెల్ మైనర్ బడి నుంచి ఇంటికి వెళ్తూ తుపానులో చిక్కుకుంది. తమ్ముడినీ చెల్లెలినీ తన ఒంటితో కప్పి కాపాడి తాను చనిపోయింది. తెలిసిన టీచరమ్మ పాటించే పద్ధతి ఇది: బొగ్గు ఎప్పుడూ రెండు రోజులకు సరిపడా లోపల ఉండాలి. బీరువాలో కొవ్వొత్తులు, బిస్కెట్లు, కోకో ఉండాలి. తండ్రి స్వయంగా వచ్చి తీసుకెళితే తప్ప పిల్లలు కదలకూడదు. రాత్రి గదిలోనే పడక, పెద్దవాళ్లు గోడవైపు, చిన్నవాళ్లు పొయ్యి వైపు. మరుగుదొడ్డి పాతిక గజాల దూరమే, అయినా తలుపు గొళ్లానికి తాడు కట్టుకునే వెళ్లాలి. తెల్లటి మంచులో పాతిక గజాల్లోనే దారి తప్పినవాళ్లున్నారు.

1930లలో వాన లేదు, పంట లేదు, పన్ను వసూలు లేదు. జీతానికి బదులు వారంటు అనే కాగితం చేతిలో పెట్టేవాళ్లు, ఖజానాలో డబ్బు పడ్డప్పుడు ఇస్తామని. దాన్ని కొట్లోనో బ్యాంకులోనో ఇస్తే కోత కోసుకుని డబ్బిచ్చేవాళ్లు. అదీ ఒప్పుకునే కొట్టు దొరికితేనే. దుమ్ము తుపానుకు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి పాఠం చెప్పారు. ఆ తర్వాత యుద్ధం వచ్చి టీచర్లు కరువయ్యేసరికి, పెళ్లయిందని ఇంటికి పంపేసిన వాళ్లనే బతిమాలి పిలిచారు.

అంతలోనే బళ్లు కలపడం మొదలైంది. రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి, పల్లెల్లో పిల్లలు తగ్గారు. దేశం మొత్తం మీద 1930లో దాదాపు లక్షన్నర ఉన్న ఒంటి టీచరు బళ్లు 1950కి 60 వేలు, 1970కి రెండు వేల లోపు. ఆవిడకు యాభై దాటాక పట్నం బడిలో ఒకే తరగతి ఇచ్చారు. ఆ ఒక్క తరగతిని రోజంతా ఏం చేయాలో మొదట్లో తెలియలేదని చెప్పిన టీచర్లున్నారు. పైగా డిగ్రీ ఉండాలన్నారు. ఎప్పుడో చదివిన నార్మల్ స్కూలు చదువు చాలదట. ప్రతి ఎండాకాలం ఆరు వారాలు కాలేజీకి వెళ్లి, తన దగ్గర చదువుకున్న కుర్రాళ్ల పక్కన కూర్చుని, పదేళ్లకో పదిహేనేళ్లకో డిగ్రీ తెచ్చుకున్నారు. అప్పటికి రిటైర్మెంటు రెండు మూడేళ్లలో ఉంది.

పాత గది వేలానికి వెళ్లింది. ఎవరో రైతు కొని, దుంగల మీద దొర్లించి పొలానికి తీసుకెళ్లి గోధుమలు పోసుకున్నాడు. గింజల బరువుకు గోడలు ఉబ్బకుండా అడ్డంగా ఇనప కడ్డీలు వేశాడు. నల్లబల్ల గోడకే ఉంది, దాని మీద గోధుమ బండ్ల లెక్క రాసుకునేవాడు.

ఇక చివరి రోజులు. వృద్ధాశ్రమాల్లో పనిచేసినవాళ్లు చాలాసార్లు గమనించిన సంగతి ఒకటుంది. మతిమరుపు ముదిరితే తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, ఇంటి భాష మిగులుతుంది. నలభై ఏళ్లు పసివాళ్ల చేత యంప్ మాన్పించి జంప్ అనిపించిన మనిషి, మంచినీళ్లు కావాలని నార్వేజియన్‌లో అడుగుతుంది. నర్సుకు అర్థం కాదు. అప్పుడు పాత విద్యార్థి ఎవరో, తనకూ డెబ్బై దాటినవాడు, పక్కన నిలబడి తర్జుమా చేసి పెట్టాలి.

ఆ బళ్ల పూర్వ విద్యార్థులు ఇప్పటికీ జూన్, జూలై నెలల్లో చర్చి భోజనశాలలో కలుస్తుంటారు. వడ్డించే ముందు పెద్దవాళ్లు “ఈ యేసు నావ్న్ గోర్ వీ తిల్ బూర్స్” (యేసు పేరున భోజనానికి కూర్చుంటున్నాం) అని నార్వేజియన్‌లో పాత ప్రార్థన అందుకుంటారు. మనవలు కూడా గొంతు కలుపుతారు. వాళ్లకు ఆ భాష రాదు, కాగితం మీద ఇంగ్లీషు ఉచ్చారణలో రాసుకుని చదువుతారు.